మెయిల్‌కి సంతకం, మెయిల్‌కి తాళం: థండర్‌బర్డ్‌తో మా ఆఫీసు అనుభవం

మాది విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ ఆఫీసు, ఆర్టికల్స్‌తో (సీఏ శిక్షణలో ఉన్న పిల్లలతో) కలిపి పదకొండు మందిమి. రోజూ మా మెయిల్లో తిరిగేవన్నీ ఎవరో ఒకరి పాన్ కార్డు, ఆధార్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్, పొలం అమ్మిన దస్తావేజు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో ఉన్న ఓపెన్‌పీజీపీతో (మెయిల్‌కి సంతకం, తాళం వేసే పద్ధతి) మెయిళ్లకి సంతకం చేసి, అవసరమైనవి ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే అందుకోవాల్సినవాళ్లు తప్ప ఎవరూ చదవలేకుండా తాళం వేసి పంపడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. చిన్న ఆఫీసులో ఇది నిజంగా నడుస్తుందా అని అడిగేవాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

ఇది పెట్టడానికి కారణం ఒక మెయిల్. మా సార్ పేరు మీద, సార్ మామూలుగా రాసినట్టే రెండు ముక్కల్లో, అకౌంట్స్ చూసే అమ్మాయికి వచ్చింది. ఫలానా అకౌంటుకి నాలుగు లక్షల ఎనభై వేలు ఇప్పుడే వేయండి, నేను మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయొద్దు అని. అడ్రసులో ఒక్క అక్షరం తేడా. ఆ అమ్మాయి బెనిఫిషియరీని కూడా యాడ్ చేసేసింది, అది యాక్టివేట్ అవడానికి బ్యాంకు తీసుకున్న అరగంట లోపల సార్ కోర్టు పని చూసుకుని ఆఫీసుకి వచ్చేశారు కాబట్టి సరిపోయింది. సార్ ఏమీ అనలేదు గానీ ఆ అమ్మాయి సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉంది. తన తప్పేముంది చెప్పండి? మెయిల్లో పంపినవారి పేరు దగ్గర ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు, చూసేవాళ్లకి కనిపించేది ఆ పేరే.

ఆ రాత్రే కూర్చుని వెతికాను. సార్ మొదట అన్నది మన దగ్గర డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) టోకెన్లు ఉన్నాయిగా, వాటితోనే చేయొచ్చుగా అని. ఆడిటర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి తెలుసు, క్లయింట్ల యూఎస్‌బీ టోకెన్లు డబ్బా నిండా ఉంటాయి, ఒక్కోదానికి చీటీ అంటించి. సమాచార సాంకేతిక చట్టం 2000 ప్రకారం లైసెన్సు ఉన్న సంస్థ ఇచ్చిన ఆ సర్టిఫికెట్‌తో చేసిన సంతకానికే చట్టంలో చేతి సంతకంతో సమానమైన విలువ. కంపెనీల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల్లాంటి వాటికి అదే వాడాలి, అందులో మార్పు లేదు. కానీ ఆర్టికల్‌గా చేరిన ప్రతి పిల్లవాడికీ డబ్బు కట్టి సర్టిఫికెట్ కొని, గడువు అయిపోతే మళ్లీ కొని, మెయిల్ పంపిన ప్రతిసారీ టోకెన్ గుచ్చి పిన్ కొట్టడం మా వల్ల అయ్యే పని కాదు. మాకు కావలసింది కోర్టులో చూపించే సంతకం కాదు. ఈ మెయిల్ నిజంగా సార్ రాసిందేనా అని అకౌంట్స్ అమ్మాయికి తెలియాలి, అంతే.

థండర్‌బర్డ్ ఉచితం. మొజిల్లా ఫౌండేషన్ కిందే ఉన్న సంస్థ నడుపుతోంది, జనం ఇచ్చే విరాళాలతో. ఇదివరకు దీనికి ఎనిగ్‌మెయిల్ అని వేరే యాడ్ఆన్ వేసుకోవాల్సి వచ్చేది. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ లోపలే వచ్చేసింది. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, అక్కడ యాడ్ కీ నొక్కి అడిగినదానికి సరే అంటే చాలు, మూడేళ్ల గడువుతో కీ తయారవుతుంది. ఒక శనివారం మధ్యాహ్నం పదకొండు మందికీ చేసేశాను. ఒక్కొక్కరికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

చెప్పడానికే చాలా టైం పట్టింది. సంతకం అనగానే సగం మంది మెయిల్ కింద పేరూ ఫోన్ నంబరూ వస్తాయే అదనుకున్నారు. ఒక్కొక్కరికీ తయారయ్యేది జత కీలు, అందరికీ ఇచ్చేది పబ్లిక్ కీ, మన దగ్గరే దాచుకునేది ప్రైవేట్ కీ అంటే ఎవరికీ ఎక్కలేదు. చివరికి మా సీనియర్ క్లర్కు గారు, అరవై దాటిన మనిషి, ఒక మాట అన్నారు: "అంటే అమ్మా, పబ్లిక్ కీ పేరుకే కీ, పనికి అది తాళంకప్ప. మన తాళంకప్పలు ఊరందరికీ పంచిపెడతాం, నొక్కి వేసేయొచ్చు, తీసేది మాత్రం మన దగ్గరున్న తాళంచెవే." ఎన్‌క్రిప్షన్ గురించి అంతకన్నా బాగా నేను చెప్పలేను. సంతకానికి మాత్రం ఆ పోలిక సరిపోదు. అది ముద్ర లాంటిది, ప్రైవేట్ కీతో మనం వేస్తాం, పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా అది మనదేనా, మధ్యలో ఎవరైనా అక్షరం మార్చారా అని చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫింగర్‌ప్రింట్, అంటే ప్రతి కీకీ వేరుగా ఉండే గుర్తింపు కోడ్, సరిచూసుకోవడం. చాలామంది వదిలేసేది కూడా ఇదే. అవతలివాళ్ల కీ వచ్చినప్పుడు థండర్‌బర్డ్ మనల్ని అడుగుతుంది: దీన్ని వద్దంటావా, తర్వాత చూస్తావా, సరిచూడకుండా ఒప్పుకుంటావా, స్వయంగా సరిచూశావా అని. మూడోది నొక్కేసినా పని నడిచిపోతుంది, అందుకే అందరికీ చెయ్యి దాని మీదికే పోతుంది. కానీ మోసగాడు కూడా సార్ పేరుతో ఒక కీ తయారు చేసుకోగలడు కదా, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సరిచూడని కీతో వచ్చిన సంతకం, సంతకం లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని చూసి మనకి ధైర్యం వచ్చేస్తుంది.

ఆ ఫింగర్‌ప్రింట్ నలభై అక్షరాలు, నాలుగేసి చొప్పున పది గుంపులు. ఆఫీసులో ఉన్నవాళ్లకి తెర ముందు కూర్చోబెట్టి చూపించాం. గుంటూరు బ్రాంచిలో ఉన్న ఇద్దరికీ ఫోన్లో చదివాం. బీ అంటే డీ అని వినిపిస్తుంది, ఈ అంటే సీ అని వినిపిస్తుంది, రెండుసార్లు మొదటికి వచ్చాక ఊర్ల పేర్లు పెట్టుకున్నాం. ఏ అంటే అమలాపురం, బీ బాపట్ల, సీ చీరాల, డీ ధర్మవరం, ఈ ఏలూరు. ఎఫ్‌కి ఊరు తట్టలేదు, ఫ్యాన్ అనుకున్నాం. అందులో ఉండేవి అంకెలూ ఆ ఆరు అక్షరాలే. "ఏడు, చీరాల, సున్నా, ఫ్యాన్" అని ఒకరు చదువుతుంటే అవతల పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ రావడం, ఒక్కో కీకి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు పెట్టడం ఇష్టం లేకపోతే ఈ పని అసలు మొదలుపెట్టొద్దు అని నా గట్టి అభిప్రాయం.

సరిచూసిన కీతో వచ్చిన మెయిల్ తెరిస్తే పైన ఓపెన్‌పీజీపీ అని, పక్కన ముద్ర గుర్తు మీద పచ్చటి టిక్ కనిపిస్తుంది. మా ఆఫీసులో పెట్టుకున్న రూలు ఒక్కటే. డబ్బు కదిలే మెయిల్ ఏదైనా, అకౌంట్ నంబరు మారింది అనే మెయిల్ ఏదైనా, ఆ పచ్చ టిక్ లేకపోతే చెల్లదు, కింద సార్ పేరున్నా సరే. ఈ ఒక్క రూలుతో ఆ అమ్మాయి టెన్షన్ సగానికి సగం తగ్గిపోయింది. అందుకే ఎవరు అడిగినా ముందు సంతకంతో మొదలుపెట్టండి, ఎన్‌క్రిప్షన్ తర్వాత చూసుకోవచ్చు అంటాను. సంతకం వల్ల ఎవరి పనీ ఆగదు, అవతలివాళ్ల దగ్గర ఏమీ లేకపోయినా మెయిల్ చదువుకోవచ్చు.

కాకపోతే మొదటి వారం ఫోన్లే ఫోన్లు. మన సంతకం అవతలివాళ్లకి ఒక అటాచ్‌మెంట్‌లా కనిపిస్తుంది, ఓపెన్‌పీజీపీ సిగ్నేచర్ డాట్ ఏఎస్‌సీ అని. "మేడమ్, మీ మెయిల్లో ఏదో వైరస్ ఫైలు వచ్చింది, తెరవమంటారా వద్దా?" అని తెనాలి నుంచి ఒక రైస్ మిల్లు ఆయన కంగారుగా చేశారు. అలా అడిగినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి, అడగకుండా తెరిచేవాళ్లతోనే మనకి ఇబ్బంది. తర్వాత మెయిల్ కింద తెలుగులో రెండు లైన్లు పెట్టాం, ఇది మా సంతకం ఫైలు, తెరవాల్సిన పని లేదు అని. ముందే పెట్టి ఉండాల్సింది.

ఇక ఎన్‌క్రిప్షన్. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ పెడతాంగా, ఇంకెందుకు అంటారు. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఇచ్చే ఏఐఎస్ (మన ఏడాది ఆదాయం, లావాదేవీల వివరాల పత్రం) కూడా చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంట పుట్టిన తేదీ కొడితే తెరుచుకుంటుంది. లోన్ ఏజెంటు దగ్గర్నుంచి సిమ్ కార్డు అమ్మినవాడి దాకా ఆ రెండూ ఎంతమంది దగ్గర ఉంటాయో ఆలోచించండి. థండర్‌బర్డ్‌లో అయితే మెయిలూ అటాచ్‌మెంటూ అన్నీ లాక్ అయిపోతాయి, సబ్జెక్టు కూడా, బయటికి మూడు చుక్కలే కనిపిస్తాయి. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారు అన్నది మాత్రం దాగదు. అవతలి మనిషి కీ మన దగ్గర లేకపోతే ఎన్‌క్రిప్ట్ చేసి పంపనివ్వదు, కీ లేదని ముందే చెబుతుంది. నాకు ఇది బాగా నచ్చింది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫోన్‌తో కష్టం. ఆండ్రాయిడ్‌కి 2024 అక్టోబరులో థండర్‌బర్డ్ యాప్ వచ్చింది, కానీ ఓపెన్‌పీజీపీ కావాలంటే ఓపెన్‌కీచెయిన్ అని ఇంకో యాప్ వేసి కీ అందులోకి ఎక్కించాలి, ఆర్టికల్స్‌లో ఇద్దరే చేశారు. సార్‌ది ఐఫోన్, అందులో ఎన్‌క్రిప్ట్ అయిన మెయిల్ తెరిస్తే ఖాళీ పేజీ, కింద ఎన్‌క్రిప్టెడ్ డాట్ ఏఎస్‌సీ అని ఒక ఫైలు. ఆయన ఊళ్లో లేనప్పుడు ఫోన్లో మాట్లాడి, లాప్‌టాప్ దగ్గరికి వచ్చాక చదువుతారు. రెండోది వెతకడం. ఎన్‌క్రిప్ట్ అయిన మెయిల్ లోపలి మాటలు సెర్చ్‌లో దొరకవు. 20వ తేదీ జీఎస్‌టీ రిటర్ను త్రీబీ వేసే హడావుడిలో ఫలానా ఇన్వాయిస్ ఏ మెయిల్లో ఉందో అని ఒక్కోటీ తెరిచి చూసుకోవడం ప్రాణం మీదికొస్తుంది. అటాచ్‌మెంట్ రాగానే క్లయింట్ ఫోల్డర్లో సేవ్ చేసుకోవడం అలవాటు చేసుకున్నాక కాస్త నయం.

మూడోది మాకు బాగా నష్టం చేసింది. ఒక లాప్‌టాప్ నెమ్మదించిందని రిపేరుకి ఇస్తే ఆ అబ్బాయి విండోస్ కొత్తగా వేసి ఇచ్చాడు. డాక్యుమెంట్లు కాపీ చేసి పెట్టాడు పాపం, కీలు ఉండే థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్ సంగతి అతనికి తెలియదు. ప్రైవేట్ కీ పోయింది. నాలుగు నెలల ఎన్‌క్రిప్టెడ్ మెయిళ్లు సర్వర్లో అలాగే ఉన్నాయి, ఒక్కటి తెరుచుకోదు, ఎవరినీ అడగడానికి లేదు. క్లయింట్లందరికీ ఫోన్లు చేసి మళ్లీ పంపించుకున్నాం. కీ మేనేజర్లో బ్యాకప్ తీసుకునే వీలుంది, పాస్‌వర్డ్ పెట్టి ఒక ఫైలుగా ఇస్తుంది. కీ తయారైన వెంటనే అది తీసుకోమని థండర్‌బర్డ్ ఇంకా గట్టిగా పట్టుబట్టాలి. నేను ఒక నక్షత్రం తగ్గించేది అందుకే, అయిదుకి నాలుగు. ఇప్పుడు మా అందరి కీలూ రెండు పెన్‌డ్రైవుల్లో ఉన్నాయి, ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి సార్ బ్యాంకు లాకర్లో, పాస్‌వర్డ్లు కవర్లో పెట్టి సీలు వేసి వేరేచోట. ఎన్‌క్రిప్ట్ చేసే ప్రతి మెయిల్‌కీ ఆఫీసు అడ్రసుని కూడా సీసీలో పెడుతున్నాం, రేపు ఎవరైనా ఉద్యోగం మానేసినా ఆఫీసు కీతో ఆ మెయిల్ తెరుచుకుంటుంది. ఇంకో మాట, సెట్టింగ్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టుకోండి. అది లేకపోతే మీ కంప్యూటర్లో థండర్‌బర్డ్ తెరిచినవాళ్లెవరైనా మీ సంతకం చేసేయొచ్చు.

క్లయింట్లలో ఇప్పటికి ఆరుగురే కీ పెట్టుకున్నారు. అందులో ఒకరు ఆ రైస్ మిల్లు ఆయన. వాళ్లబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు థండర్‌బర్డ్ వేయించుకుని, ఫింగర్‌ప్రింట్ కాగితం మీద రాసుకుని, బస్సెక్కి మా ఆఫీసుకే వచ్చి నా ఎదురుగా కూర్చుని చదివారు, చీరాల బదులు ఆయన చిలకలూరిపేట అన్నారు.