పరగడుపు చక్కెర పరీక్షా, హెచ్‌బీఏ1సీనా?

పాతికేళ్ల వయసులో మధుమేహం ఏ లక్షణమూ చూపకుండా ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, ఆపైన వస్తే మధుమేహంగా భావిస్తారు గానీ, అది ఆ ఉదయపు స్థితిని మాత్రమే చెబుతుంది. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షకు పస్తు అక్కర్లేదు. హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను కొలిచి, గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి, తీరిక దొరకని యువతకు నేను దీన్నే ముందుగా సూచిస్తాను. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం. లక్షణాలు లేనప్పుడు మాత్రం ఏ పరీక్షనైనా మరోసారి చేసి నిర్ధారించుకోవాలి. అయితే ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న యువతుల్లో హెచ్‌బీఏ1సీ అసలుకన్నా ఎక్కువ చూపవచ్చు. అక్కడ పరగడుపు పరీక్షే నమ్మదగినది. విపరీతమైన దాహం, అకారణంగా బరువు తగ్గడం కనిపిస్తే సగటు కోసం ఆగకుండా, అదే రోజు రక్తంలో చక్కెర చూపించుకోవాలి.