గీతలు పడిన విమానం అద్దం: చేత్తో రుద్దాలా, మెషిన్ పెట్టాలా?

విజయవాడ ఆటోనగర్‌లో కారు పెయింటుకి బఫింగ్ (తిరిగే మెషిన్‌తో మెరుగు పట్టడం) చేసేవాళ్లకు కొదవ లేదు. అదే మెషిన్ చిన్న విమానం కానోపీ (పైలట్‌ని కప్పే అద్దం లాంటి మూత) మీద పెడితే సరిపోదా అని కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. కానీ కానోపీ గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. దాదాపు 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మెషిన్ ఒక్కచోట కాసేపు ఆగితే చాలు, రాపిడి వేడికి పైపొర కరిగి అలలు తేలుతుంది. మన మే నెల ఎండలో, రేకుల షెడ్డు కింద అయితే ఇంకా టెన్షన్.

చేత్తో పని నిదానం. మైక్రోమెష్ అనే సన్నటి రాపిడి గుడ్డల కిట్‌లో గ్రేడులు 1500 నుంచి 12000 దాకా ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ గుడ్డ నునుపు. నీళ్లు చల్లుకుంటూ తిన్నగా రుద్దాలి, గుండ్రంగా కాదు. గ్రేడు మారినప్పుడల్లా రుద్దే దిక్కుని ముందటిదానికి అడ్డంగా మార్చాలి. అప్పుడే ముందటి గ్రేడు గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. గీత ఉన్నచోటే అదేపనిగా రుద్దితే గుంట పడి, దిగేటప్పుడు పైలట్‌కి రన్‌వే వంకరగా కనిపిస్తుంది. అందుకే చుట్టూ వెడల్పుగా రుద్దుకుంటూ పోవాలి. భుజాలు లాగేస్తాయి, అయినా నేను దీన్నే నమ్ముతాను.

చివరి మెరుగుకి మాత్రం మెషిన్ వాడొచ్చు: తక్కువ స్పీడు, మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఆపకుండా కదుపుతూ.

క్రేజింగ్ అనే సన్నటి పగుళ్లు లోతుగా దిగితే రెండూ పనికిరావు, అద్దం మార్చాల్సిందే. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, పెట్రోలు, థిన్నర్ తగిలినా ఈ పగుళ్లు రావచ్చు. ఎగిరే విమానమైతే, మందం ఎంతవరకు తగ్గొచ్చో మెయింటెనెన్స్ మాన్యువల్‌లో చూసి, లైసెన్స్ ఉన్న ఇంజినీరు ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టండి.