మెయిల్ మెర్జ్‌తో తొమ్మిదేళ్లు, పుట్టిన తేదీలతో ఒక రాత్రి

తొమ్మిదేళ్లుగా పదో తరగతికి క్లాస్ టీచరుగా ఉన్నాను. ఈ తొమ్మిదేళ్లలో ఒక్క ప్రోగ్రెస్ కార్డు కూడా చేత్తో రాయలేదు. అంతకు ముందు ఎస్‌ఏ (టర్మ్ చివరి) పరీక్షలు అయ్యాక రెండు ఆదివారాలు కార్డులకే పోయేవి. ఇరవయ్యో కార్డుకు వచ్చేసరికి హిందీ మార్కులు సోషల్ గడిలో పడేవి, దిద్దితే మరక, మరక పడితే కొత్త కార్డు. ఇప్పుడు ఎక్సెల్‌లో మార్కుల పట్టిక, వర్డ్‌లో ఖాళీ కార్డు ఉంటే చాలు. వర్డ్‌లోని మెయిల్ మెర్జ్ అనే సదుపాయం ఆ రెంటినీ కలిపి నలభై మంది కార్డులూ వరసగా తీసి ఇస్తుంది.

దీన్ని ఎలా పెట్టుకోవాలో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి, నేను చెప్పను. నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపించేది మాత్రం అందులోని ‘ఇఫ్’ రూల్. పట్టికలో బాలిక అని ఉంటే తండ్రి పేరు పక్కన ‘కుమార్తె’ అనీ, లేకపోతే ‘కుమారుడు’ అనీ అదే వేసుకుంటుంది. పాత అచ్చు ఫారాల్లో రెండూ పక్కపక్కనే ఉండేవి, ఒకటి కొట్టివేయాలి. కొట్టివేయడం మరిచిపోయి ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చామో లెక్కలేదు. తన సర్టిఫికెట్‌లో కొట్టివేతలు లేకుండా శుభ్రంగా ‘కుమార్తె’ అని చూసి ఒక అమ్మాయి దాన్ని స్నేహితురాళ్లందరికీ చూపించింది. ఆ రోజు నుంచి నాకు దీని మీద ప్రేమ.

ఆ ప్రేమలోనే, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మా స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో లేచి నిలబడి, ప్రోగ్రెస్ కార్డులు పదిహేను నిమిషాల పని అని ప్రకటించాను. ఆ పదిహేను నిమిషాలు మార్కులన్నీ ఎక్కించాక మొదలయ్యేవని చెప్పి ఉండాల్సింది. మిగతా సబ్జెక్టుల మార్కులు వాటి టీచర్ల దగ్గర నుంచి రాబట్టాలి. ఒకరు వాట్సాప్‌లో ఫోటో పంపుతారు, ఒకరు చీటీ ఇస్తారు, మా హిందీ పండిట్ గారు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని చదువుతుంటే నేను టైపు చేసుకోవాలి. అది మొత్తం ఒక సాయంత్రం పని. ఆ తర్వాత అవే మార్కులు ఆన్‌లైన్‌లో మరోసారి ఎక్కించడం ఎలాగూ తప్పదు.

ఇక అసలు కథ. ఒక ఏడాది పదో తరగతి వాళ్లందరికీ ఒకేసారి స్టడీ సర్టిఫికెట్లు కావలసి వచ్చాయి. మొత్తం 41. పుట్టిన తేదీ పై వరసలో అంకెల్లో, కింది వరసలో అక్షరాల్లో ఉండాలి. అంకెలకు ఒక కాలమ్, అక్షరాలకు ఒక కాలమ్ పెట్టి, అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని రెండూ జాగ్రత్తగా టైపు చేశాను. ఎక్సెల్‌లో 12-06-2009 అని చక్కగా కనబడుతోంది. రాత్రి పదకొండు దాటాక మెర్జ్ చేశాను.

స్క్రీను మీద చూసుకుంటూ పోతుంటే ఒక అబ్బాయి పుట్టిన తేదీ 6/23/2009 అని ఉంది. ఇరవై మూడో నెల లేదు కదా, నిద్రమత్తులో తిరగేసి కొట్టి ఉంటానని దిద్దాను. ఇంకో నాలుగు పేజీల తర్వాత మరొకటి. దాన్నీ దిద్దాను. అలా ఇరవై రెండు దిద్దాను. నేను లెక్కల టీచరును. ఇరవై రెండు తేదీలు ఒకే తీరుగా తిరగబడితే మిగతా పంతొమ్మిదీ తిరగబడి ఉంటాయన్న అనుమానం ఆ రాత్రి నాకు రాలేదు. రోజు పన్నెండు లోపు ఉన్న తేదీని తిరగేసినా అది తేదీలాగే కనబడుతుంది. జూన్ 12 కాస్తా 6/12 అయి, చదివేవాళ్లకు డిసెంబరు 6 అవుతుంది. మా రిజిస్టరులో జూన్ మొదటి రెండు వారాల్లో పుట్టినవాళ్లు చాలా మంది ఉంటారు. ఎందుకో బడిలో పనిచేసినవాళ్లకు చెప్పనక్కరలేదు, అసలు తేదీ తెలియకపోతే బళ్లు తెరిచే జూన్ తేదీయే ఏదో ఒకటి వేసేస్తారు. జనవరి ఒకటిన పుట్టినట్టు రాసిన ఇద్దరు పిల్లలు మాత్రం ఏ ప్రమాదమూ లేకుండా బయటపడ్డారు, వాళ్ల తేదీని ఎటు తిప్పినా జనవరి ఒకటే.

హెచ్‌ఎం గారు నా మీద నమ్మకంతో వరసగా సంతకాలు పెట్టేశారు. వారం తర్వాత ఒక తండ్రి పనిదుస్తుల్లోనే బడికి వచ్చాడు. కుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టబోతే కాగితం వెనక్కి ఇచ్చారట. “మేడమ్, పైన ఒక తేదీ, కింద ఒక తేదీ ఉందట. మా అమ్మాయిది ఏదో మీరే చెప్పాలి” అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అతనికి ఆ రోజు కూలి పోయింది. అక్షరాల్లో నేను టైపు చేసింది అలాగే ఉంది, అంకెలను మాత్రం దారిలో వర్డ్ మార్చేసింది. ఆ సాయంత్రమే పదిహేడు మంది ఇళ్లకు కబురు పంపి, కాగితాలు వెనక్కి తెప్పించి, కొత్తవి ఇచ్చాను.

కారణం తర్వాత తెలిసింది. మన కంటికి ఎక్సెల్ చూపించే తేదీ ఒకటి, లోపల అది దాచుకునేది ఒక సంఖ్య. మెర్జ్ చేసేటప్పుడు వర్డ్ ఆ లోపలి విలువను తీసుకుని, నెలను ముందు పెట్టే అమెరికా పద్ధతిలో రాస్తుంది. ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే పట్టికలోంచి విలువను తెచ్చే ఆదేశం, అంటే ఫీల్డు కోడ్ కనబడుతుంది, అందులో తేదీ ఏ రూపంలో రావాలో రాస్తే సరిపోతుందని చదివి రాశాను. ఈసారి తేదీలన్నీ 12-00-2009 తీరున వచ్చాయి. అక్కడ నెలకు క్యాపిటల్ ఎం వేయాలి, స్మాల్ ఎం వేస్తే నిమిషాలు. పిల్లలందరూ సున్నా నిమిషాలకు పుట్టారన్నమాట! నవ్వు వచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు.

ఇప్పుడు ఆ కోడ్ జోలికి వెళ్లడం లేదు. ఎక్సెల్‌లోనే పక్కన ఇంకో కాలమ్ పెట్టి, టెక్స్ట్ ఫార్ములాతో తేదీని మామూలు టెక్స్ట్‌గా మార్చి, ఆ కాలమ్‌నే వర్డ్‌కు ఇస్తున్నాను. శాతాలకూ ఇదే మందు. ఎక్సెల్‌లో 68.67 అని కనబడేది కార్డులో ఆరుల రైలుబండిగా దిగుతుంది, టెక్స్ట్ ఫార్ములా వేస్తే ఆగిపోతుంది.

చిన్న చికాకులు ఇంకా ఉన్నాయి. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఏదో కమాండ్ నడపాలా అని అడుగుతుంది, భయపడి ‘నో’ నొక్కితే పట్టికతో బంధం తెగిపోతుంది. పాత పద్ధతి అను ఫాంట్లలో టైపు చేసిన పేర్ల జాబితా ఇప్పటి యూనికోడ్ తెలుగు కార్డులో పిచ్చి గీతలుగా వస్తుంది, నేను ఒక తరగతి పేర్లన్నీ మళ్లీ కొట్టుకోవలసి వచ్చింది. హాల్ టికెట్ల లాంటివి పేజీకి నాలుగు పెడితే మధ్యలో తర్వాతి పేరుకు వెళ్లమనే ‘నెక్స్ట్ రికార్డ్’ పెట్టాలి, లేకపోతే ఒకే పిల్లాడు నాలుగుసార్లు పరీక్ష రాస్తాడు.

మీరు మొదలుపెట్టాలా అంటే, నా సంగతి వేరు. తరగతిలో నలభై మంది, ఇంట్లో సొంత ల్యాప్‌టాప్, బడిలో పనిచేసే ప్రింటరు, దానికి తోడు నేను తప్ప ఎవరూ చదవలేని చేతిరాత. ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాలలో పదిహేను మంది పిల్లలుంటే చేత్తో రాయడమే తొందరగా అవుతుందేమో. నేనైతే వదలను. మా హెచ్‌ఎం గారు మాత్రం చేత్తో రాసిన సర్టిఫికెట్ల మీద చూడకుండానే సంతకం పెడతారు. నావి తీసుకెళ్తే కళ్లద్దాలు పెట్టుకుని, పై వరస మీద ఒక వేలు, కింది వరస మీద ఒక వేలు ఉంచి రెండూ చదివాకే పెన్ను తీస్తారు.