మార్టిన్ జాన్సనా, లారెన్స్ డలాలియోనా, ఎవరు మేటి?

ఇద్దరూ 2003లో సిడ్నీలో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లాండ్ రగ్బీ జట్టు ఫార్వర్డ్‌లే, అంటే బంతి కోసం ముందుండి పెనుగులాడే ఆటగాళ్లే. ఇంగ్లాండ్ తరఫున జాన్సన్ 84 టెస్టులు (అంతర్జాతీయ మ్యాచ్‌లు) ఆడితే, డలాలియో 85 ఆడాడు. కెప్టెన్లుగా తమ క్లబ్‌లకు చెరో రెండు హైనెకెన్ కప్‌లు (యూరప్ క్లబ్‌ల టోర్నీ) తెచ్చిపెట్టారు.

తేడా అంతా ఆడే తీరులోనే ఉంది. జాన్సన్ లాక్. రెండు జట్ల ఫార్వర్డ్‌లు ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్‌లో రెండో వరుస నుంచి బలంగా నెట్టాలి, పక్క గీత నుంచి బంతి లోపలికి విసిరే లైనవుట్‌లో గాల్లోకి లేచి దాన్ని అందుకోవాలి. టీవీలో పెద్దగా కనిపించని చాకిరీ అది. డలాలియో స్క్రమ్‌లో వెనక వరుస ఆటగాడు. 6, 7, 8 నంబర్లలో ఎక్కడైనా ఆడేవాడు, బంతి చిక్కితే దూసుకెళ్లేవాడు. ఆ ప్రపంచకప్‌లో ఇంగ్లాండ్ ఆడిన ప్రతి నిమిషమూ మైదానంలో ఉన్నది అతనొక్కడే! 1993లో సెవెన్స్ (జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ) ప్రపంచకప్ కూడా గెలిచాడు.

ఆటగాడిగా నా ఓటు డలాలియోకే. కానీ టెన్షన్ పెరిగిన మ్యాచ్‌లో జట్టును నడిపించాలంటే జాన్సనే కావాలి. బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు లయన్స్‌కు రెండు పర్యటనల్లో కెప్టెన్‌గా ఉన్న మొదటివాడు అతనే, 1997లో దక్షిణాఫ్రికా గడ్డపై సిరీస్ గెలిపించాడు. ఇంగ్లాండ్ మేనేజర్‌గా మాత్రం ఆ వైభవం దక్కలేదు. 2011 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో ఓడాక తప్పుకున్నాడు.