ప్రొలిఫిక్, మెకానికల్ టర్క్: ఏళ్ల తరబడి వాడాక

ప్రొలిఫిక్, మెకానికల్ టర్క్ అనేవి డబ్బిచ్చి ఆన్‌లైన్‌లో మనుషులతో సర్వేలు నింపించుకునే, చిన్న పనులు చేయించుకునే వేదికలు. మనస్తత్వశాస్త్ర సర్వేల కోసం ఈ రెండింటినీ కొన్నేళ్లు వాడాను. ఇప్పుడు నా పనంతా ప్రొలిఫిక్‌లోనే. జవాబుల నాణ్యత ఒక్కటే అందుకు కారణం కాదు.

2005లో మొదలైన అమెజాన్ మెకానికల్ టర్క్‌లో గంటకు ఇంత ఇచ్చి తీరాలన్న నియమం లేదు. అక్కడి వర్కర్ల (పని చేసిపెట్టేవారి) మధ్యస్థ సంపాదన గంటకు సుమారు 2 డాలర్లేనని 2018 నాటి ఒక అధ్యయనం తేల్చింది. ప్రొలిఫిక్‌లో గంటకు కనీసం 8 డాలర్లు పెట్టాల్సిందే. టర్క్‌లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తిరస్కరించే మీట. అది నొక్కితే వర్కరుకు డబ్బు రాదు, జవాబులు మాత్రం మన దగ్గరే ఉంటాయి. పైగా అతని ఆమోద శాతం (చేసిన పనుల్లో ఆమోదం పొందినవాటి వంతు) పడిపోతుంది. 95 కంటే తగ్గితే చాలా సర్వేలకు అర్హత పోతుంది. అమెరికా తర్వాత అక్కడ ఎక్కువమంది మన దేశంవారే కనుక ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో వేరే చెప్పాలా? పని ఇచ్చేవారికి వర్కర్లే మార్కులు వేసేలా పరిశోధకులు లిల్లీ ఇరానీ, సిక్స్ సిల్బర్‌మన్ 2008లో టర్క్‌ఆప్టికాన్ అనే సాధనం తయారుచేసింది ఇందుకే.

అయితే కూలి పెంచితే జవాబులు మెరుగుపడతాయని ఆశపడకండి. ఎక్కువ ఇస్తే ఎక్కువ పని చేశారు గానీ, మెరుగ్గా చేయలేదని పరిశోధకులు మేసన్, వాట్స్ 2009లోనే చూపారు. న్యాయమైన కూలి పని చేయించుకున్నందుకు ఇవ్వాలి. నాణ్యత సంగతి ప్రశ్నావళిలో చూసుకోవాలి. ‘మధుమేహం ఉన్నవారికే ఈ సర్వే’ అని ముందే ప్రకటిస్తే లేనివారికీ వచ్చేస్తుంది! టర్క్‌లో నేను రకరకాల జబ్బుల జాబితా ఇచ్చి, ఉన్నవి గుర్తించమనేవాడిని. ఏది కావాలో చెప్పేవాడిని కాను. ప్రొలిఫిక్‌లో ఈ వివరాలు వర్కర్లు ముందే నింపి ఉంచుతారు. నాకు బాగా నచ్చిన సౌకర్యం అదే.

లోపాలు లేవని కాదు. 2021 జులైలో ఒక టిక్‌టాక్ వీడియో చూసి వేలమంది యువతులు ప్రొలిఫిక్‌లో చేరడంతో చాలా సర్వేల్లో పాల్గొన్నవారి నమూనాలు యువతుల వైపు ఒరిగిపోయాయి. స్త్రీపురుషుల సంఖ్యకు మొదటే పరిమితి పెట్టుకోండి. కృత్రిమ మేధ బెడద ఇంకా పెద్దది. సారాంశాలు రాసే పనిలో టర్క్ వర్కర్లలో 33 నుంచి 46 శాతం దాన్ని వాడినట్టు 2023లో స్విట్జర్లాండ్ పరిశోధకులు అంచనా వేశారు. అందుకే సొంత మాటల్లో రాయమనే ప్రశ్నలు బాగా తగ్గించాను. ఎలాంటి జవాబులు పక్కన పెడతానో సర్వే మొదలుకాకముందే రాసుకుంటాను. అనుమానం వచ్చినవి విశ్లేషణలోకి రావు, వాటికి డబ్బు మాత్రం ఇచ్చేస్తాను.