గిటారుకి వాల్యూమ్ పెడల్ కొంటున్నారా? షాపు డెమో చూసి డబ్బు కట్టేయకండి

క్రిస్మస్ కూడికలు, వాటి వెనకాలే సంక్రాంతి తీర్థాలు. మన గోదావరి జిల్లాల్లో ఆర్కెస్ట్రా వాళ్ళూ చర్చి క్వయర్ వాళ్ళూ కొత్త సామాను కొనేది ఎక్కువగా ఈ సీజన్‌కి ముందే. ఎలక్ట్రిక్ గిటారుకి వాల్యూమ్ పెడల్, అంటే కాలితో సౌండ్ పెంచి తగ్గించే పరికరం, తీసుకుందామనుకునేవాళ్ళు ముందు ఇది చదవండి.

రాజమండ్రిలో ఒక షాపు వాళ్ళు నాకు గిటారు పెడల్ పేరు చెప్పి కీబోర్డు పెడల్ అంటగట్టారు. షాపు పేరు రాయను. "మామూలు పికప్‌లున్న గిటారుకి కావాలి, బ్యాటరీ పికప్‌లు కావు" అని విడమరిచి చెప్పే అడిగాను. పికప్ అంటే తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం. "ఆయ్, ఇదేనండి. గిటారుకీ కీబోర్డుకీ అందరూ ఇదే పట్టుకెళ్తారండి, మీకెందుకండీ టెన్షన్" అన్నాడు కౌంటర్లో ఉన్నాయన. డెమో కూడా ఇచ్చాడు. సౌండ్ బాగానే ఉంది. మడమతో నొక్కితే నిశ్శబ్దం, ముందుకు తొక్కితే ఫుల్లు. ఇంకేం కావాలి?

ఇంటికొచ్చి నా స్ట్రాట్ (మామూలు పికప్‌లుండే ఒక రకం ఎలక్ట్రిక్ గిటారు) తగిలిస్తే, గిటారు దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. పెడల్‌ని చివరిదాకా తొక్కినా ట్రెబుల్ లేదు, వాల్యూమూ తక్కువే. వైరు మార్చినా అదే, ఆంప్ మార్చినా అదే. పెడల్ తీసేసి గిటారుని నేరుగా ఆంప్‌లో పెడితే శుభ్రంగా గలగలమంటోంది.

కిటుకంతా డెమోలోనే ఉంది. షాపులో గిటారు వైరు ముందు ఒక మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లోకి, అంటే గిటారు సౌండ్‌ని రకరకాలుగా మార్చే పెట్టెలోకి, వెళ్ళింది, అక్కణ్ణుంచి పెడల్‌లోకి వచ్చింది. ప్రాసెసర్ నుంచి బయటికొచ్చే సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి ఏ పెడల్ పెట్టినా తట్టుకుంటుంది. మామూలు పికప్‌కి అంత ఓపిక లేదు. సిగ్నల్‌కి అడ్డుండే నిరోధాన్ని కిలోఓమ్‌లలో కొలుస్తారు, అది తగ్గేకొద్దీ పికప్ మీద బరువు పెరుగుతుంది. స్ట్రాట్‌లో ఉండే వాల్యూమ్ కంట్రోలే 250 కిలోఓమ్‌లు. బయట ఇంకో 250 పెడల్ తగిలిస్తే రెండూ పక్కపక్కన (ప్యారలల్‌గా) చేరతాయి కాబట్టి కలిసి 125 అవుతాయి. ట్రెబుల్ కాస్త తగ్గినా సర్దుకుపోవచ్చు. అదే 25 కిలోఓమ్‌ల పెడల్ తగిలిస్తే మొత్తం 23 లోపుకి పడిపోతుంది. ఆ బరువు మోయలేక పికప్ ముందు ట్రెబుల్‌ని వదిలేస్తుంది. ఆంప్ మీద ట్రెబుల్ ఎంత పెంచినా అది తిరిగి రాదు, బుస్సుమనే శబ్దం మాత్రం వస్తుంది.

కంపెనీలు ఈ తేడాని దాచిపెట్టవు. ఎర్నీ బాల్ వీపీ జూనియర్‌లో 250కే, 25కే అని రెండు రకాలున్నాయి. మామూలు పికప్‌లకి మొదటిది, యాక్టివ్ (బ్యాటరీ) పికప్‌లకీ కీబోర్డుకీ రెండోది. బాస్ ఎఫ్‌వీ-500లో చివర హెచ్ ఉంటే గిటారుకి, ఎల్ ఉంటే కీబోర్డు లాంటి స్టీరియో పరికరాలకి. చూడ్డానికి రెండూ కవల పిల్లలే. అక్షరం చూసుకోకుండా డబ్బు తీయకండి.

మీ గిటారు మీరే తీసుకెళ్ళండి. గిటారు నుంచి పెడల్, పెడల్ నుంచి ఆంప్, మధ్యలో ఏమీ వద్దు. పెడల్ పూర్తిగా ముందుకు తొక్కి అన్నిటికన్నా సన్న తీగ మీద నాలుగు నోట్లు వాయించండి. పెడల్ తీసేసి అవే నోట్లు మళ్ళీ వాయించండి. చెవికి కొట్టొచ్చినట్టు తేడా ఉంటే లేచి వచ్చేయండి. "ప్రాసెసర్ పెడితే ఇంకా బాగుంటుందండి" అంటే అస్సలు ఒప్పుకోకండి.

పక్కా రుజువు కావాలంటే ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే మల్టీమీటర్ చాలు. గిటారు వైరు ఒక కొస పెడల్ ఇన్‌పుట్‌లో పెట్టి, అవుట్‌పుట్ ఖాళీగా ఉంచి, రెండో కొస ప్లగ్గు మొనకీ దాని ఒంటికీ మీటర్ ముళ్ళు ఆనించాలి. 250 రకం గిటారు పెడల్ అయితే 200 నుంచి 300 కిలోఓమ్‌ల మధ్య చూపిస్తుంది. నాకు అమ్మింది 27 చూపించింది. కరెంటుతో పనిచేసే పెడల్‌కి మాత్రం ఈ కొలత కుదరదు.

ఆ కొలత పట్టుకుని షాపుకి వెళ్తే, "పెడల్ పనిచేస్తోంది కదండీ, పాడైతే మారుస్తాం గానీ" అన్నారు. బిల్లు మీద రాసింది ఉత్త "వాల్యూమ్ పెడల్ - 1" అని. గిటారుకని ఎక్కడా లేదు, మోడల్ నంబరూ లేదు. అందుకే మోడల్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా, మీ ఎదురుగానే బిల్లు మీద రాయించండి. రాయనంటే అక్కడే అర్థమైపోతుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా ముందు అడిగేది బిల్లే.

ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ని (సౌండ్ దాని గుండా వెళ్ళదు, వేరే పరికరాన్ని కంట్రోల్ చేస్తుందంతే) వాల్యూమ్ పెడల్ అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ విడివిడిగా లేకుండా ఒకే జాక్ ఉంటే అది మీకు పనికిరాదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఆంప్ పెంచి, పెడల్‌ని నెమ్మదిగా పైకీ కిందకీ ఆడించి వినండి. మన వైపు గాలిలో తేమ, కాకినాడ, అంతర్వేది దిక్కున ఉప్పుగాలి. లోపలి కంట్రోల్ గరగరలాడటం మామూలే. కాస్త గరగర కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో పోతుంది. మధ్యలో సౌండ్ తెగి తెగి వస్తే కంట్రోల్ మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. వీపీ జూనియర్ లోపల తాడుతో తిరుగుతుంది, అది పీచు లేచిందేమో చూసుకోండి. పాట మధ్యలో తెగితే వాల్యూమ్ ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది.

నాలాగే ఇప్పటికే 25 పెడల్ చేతిలో ఉండిపోయినవాళ్ళు దాన్ని అటక మీద పడేయక్కర్లేదు. గిటారుకీ దానికీ మధ్య బఫర్ (పికప్ మీద బరువు పడకుండా సిగ్నల్‌ని బలంగా పంపే సర్క్యూట్) ఉన్న పెడల్ ఒకటి పెడితే ట్రెబుల్ తిరిగొస్తుంది. బాస్ టీయూ-3 ట్యూనర్‌కి పవర్ అందుతుంటే చాలు, ట్యూనింగ్ ఆఫ్‌లో ఉన్నా ఆ పని చేస్తుంది. మా క్వయర్‌లో గిటారు వాయించే తమ్ముడి దగ్గర అది ఉంది, తగిలించి చూశాం, బాగానే ఉంది. కానీ అది కొత్తది కొనే డబ్బు ఉంటే, మొదటే హెచ్ రకం తీసుకోవచ్చు కదండీ.