541వ నంబరు ఫారంతో ఐదేళ్లు

లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో 'ఎయిర్ 27' అనే వరస ఉంది. బ్రిటన్ వైమానిక దళం రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లోని స్క్వాడ్రన్ల (విమాన దళాల) ఆపరేషన్స్ రికార్డ్ బుక్కులు, అంటే రోజువారీ పనుల చిట్టాలు, అందులోనే ఉంటాయి. వాటి స్కాన్లను ఐదేళ్లుగా వాడుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక ఫైటర్ పైలట్ ఏ రోజు ఎక్కడ ఎగిరాడో తెలుసుకోవాలంటే ముందు తెరవాల్సింది ఇవే.

నేను మొదలుపెట్టింది 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్‌తో. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా దానికి మన ఊరి పేరు పెట్టారు, బ్యాడ్జి మీద నిజాం తలపాగా కూడా ఉంటుంది. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక వదల్లేకపోయాను. 1940 జులై నుంచి ఈ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు దక్షిణ ఇంగ్లండ్‌లో డార్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగురుతూ పోర్ట్‌లాండ్ నౌకా స్థావరానికి కాపలా కాశాయి. 1943 చివరికి ఇదే స్క్వాడ్రన్ బర్మా యుద్ధం కోసం ఇటువైపు వచ్చింది.

బుక్కులో రెండు రకాల ఫారాలుంటాయి. 540లో రోజువారీ కథనం ఉంటుంది: వాతావరణం, ఎవరు కొత్తగా చేరారు, మకాం ఎక్కడికి మారింది. చదవడానికి హాయిగా ఉంటుంది కాబట్టి మొదటి ఏడాదంతా నేను అక్కడే ఉండిపోయాను. అది పొరపాటు. అసలు సరుకు 541లో ఉంది. విమానం నంబరు, నడిపినవాడి పేరు, లేచిన సమయం, దిగిన సమయం అన్నీ గడుల్లో రాసి ఉంటాయి. 152లో ఎరిక్ మార్స్ అనే పైలట్‌కు డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) అనే సాహస పతకం వచ్చింది, 1941 జులై 24న ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు మీద దాడిలో చనిపోయాడు. పతకం, మరణం ఎక్కడైనా దొరుకుతాయి. ఆ రెంటి మధ్య గడిచిన మామూలు రోజులు, శత్రువు కనిపించకుండానే తిరిగొచ్చిన గస్తీలు మాత్రం 541లోనే దొరుకుతాయి. నాకు ఈ రికార్డుల మీద ప్రేమ కలిగింది అందుకే.

ఇబ్బందులూ ఉన్నాయి. సార్జెంట్ల పేర్లకు చాలాచోట్ల ఇనిషియల్స్ ఉండవు. ఒకే ఇంటిపేరున్న ఇద్దర్ని ఒకడే అనుకుని నేను రెండు నెలలు తప్పుదారిలో పోయాను. అప్పటి నుంచి ముందు సర్వీస్ నంబరు పట్టుకుంటున్నాను. ఆఫీసర్లయితే బ్రిటన్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్‌లో, యుద్ధంలో చనిపోయినవాళ్లయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో అది దొరుకుతుంది. 1940 మేలో ఫ్రాన్స్‌లో ఉన్న స్క్వాడ్రన్ల కాగితాలు కొన్ని వెనక్కి వచ్చే హడావిడిలో పోయాయి, ఆ రోజుల గురించి తర్వాత గుర్తున్నంత మేరకు రాసుకున్నారు.

కూల్చిన విమానాల లెక్కను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకండి. 1940 సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటన్ ప్రకటించింది, నిజంగా కూలినవి 60 దాకా ఉంటాయి. ఎవరూ అబద్ధమాడలేదు. ఒకే విమానాన్ని ముగ్గురు కాల్చితే ముగ్గురూ తమదే అనుకున్నారు. అందుకే 'ఎయిర్ 50'లోని పోరాట నివేదికలు పక్కన పెట్టుకుని సమయాలు పోల్చి చూడాలి.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. ఒక పైలట్ గల్లంతయ్యాడని కనిపిస్తే అక్కడితో ఫైలు మూయను. తర్వాతి రెండు మూడు నెలల 540 కూడా చదువుతాను. అతను జర్మన్ల దగ్గర ఖైదీగా ఉన్నాడన్న కబురు ఒక్కోసారి అక్కడ ఒకే ఒక్క వాక్యంలో ఉంటుంది.